మూడు ఎండాకాలాల తర్వాత ఎంసీపీ4728

ఎంసీపీ4728 అంటే కంట్రోలర్ పంపిన అంకెను వోల్టేజీగా మార్చే చిప్ (డీఏసీ). పన్నెండు బిట్లు, నాలుగు చానెళ్లు (అవుట్‌పుట్లు), ఐ2సీ (రెండు తీగల మీద కంట్రోలర్‌తో మాట్లాడే పద్ధతి). ఇవి డేటాషీట్ మొదటి పేజీలోనే ఉంటాయి, వదిలేద్దాం. తాడిపత్రిలోని ఒక బండల పాలిష్ యూనిట్‌లో నాలుగు వీఎఫ్‌డీలకు (మోటారు వేగాన్ని మార్చే డ్రైవ్‌లకు) 0-10 వోల్టుల స్పీడ్ సిగ్నల్ ఇస్తూ ఈ చిప్ మూడు ఎండాకాలాలు దాటింది. ఇంతగా నచ్చడానికి కారణం లోపలున్న ఈఈప్రామ్, అంటే కరెంటు పోయినా చెరగని మెమరీ. కరెంటు పోయి వస్తే, కంట్రోలర్ ఇంకా మేలుకోకముందే నాలుగు చానెళ్లూ దాచిన వోల్టేజీకి వచ్చేస్తాయి.

మొదట్లో మొట్టికాయ వేసింది కూడా ఆ ఈఈప్రామే. నాలుగు చానెళ్లకు వరసగా సింగిల్ రైట్ కమాండ్లు పంపితే మొదటి మోటారే స్పీడ్ మారింది, మిగతా మూడూ పాత స్పీడ్‌లోనే తిరిగాయి. వైరింగ్, చిప్ వోల్టేజీని పెంచే ఆప్‌ఆంప్, వీఎఫ్‌డీ సెట్టింగులు ఎంత వెతికినా ఏమీ దొరకలేదు. తప్పు ప్రోగ్రామ్‌లో ఉంది. సింగిల్ రైట్ ఆ విలువను రిజిస్టర్‌తో (అప్పటి విలువ ఉండే చోటుతో) పాటు ఈఈప్రామ్‌లోనూ రాస్తుంది. దానికి మామూలుగా 25, మహా అయితే 50 మిల్లీసెకన్లు పడుతుంది. అంతసేపూ చిప్ తీరికగా ఉందో లేదో చెప్పే ఆర్‌డీవై/బీఎస్‌వై పిన్ లో (0) స్థితిలో ఉంటుంది, ఆలోగా వచ్చిన రైట్ కమాండ్లను చిప్ పట్టించుకోదు. రోజువారీ నడకకు ఫాస్ట్ రైట్ వాడాలి: ఎనిమిది డేటా బైట్లలో నాలుగు చానెళ్లూ మారతాయి, ఈఈప్రామ్ జోలికి పోదు. కాకపోతే రిఫరెన్స్ (దేని ఆధారంగా వోల్టేజీ లెక్కించాలో), గెయిన్ (ఎన్ని రెట్లు చేయాలో) బిట్లను కూడా అది ముట్టుకోదు, వాటిని ముందే ఒకసారి రాసి ఉంచాలి. సేవ్ బటన్ నొక్కినప్పుడు మాత్రం సీక్వెన్షియల్ రైట్ (చానెళ్లను వరసగా ఈఈప్రామ్‌లోనూ రాసే కమాండ్), ఆపైన ఆ ఆర్‌డీవై/బీఎస్‌వై పిన్ హై అయ్యేదాకా ఆగడం.

ఇంకో లెక్క. ఈఈప్రామ్ ఆయుష్షు పది లక్షల రాతలంటే తరగనిదే అనిపిస్తుంది. లూప్‌లో సెకనుకు పదిసార్లు రాస్తే 27 గంటల 46 నిమిషాల్లో చెల్లు.

రిఫరెన్స్ విషయంలో సప్లై మీద ఆధారపడకండి, మోటారు స్టార్ట్ అయినప్పుడల్లా అది ఊగుతుంది. లోపలి 2.048 వోల్టులకు గెయిన్ 2 పెడితే, చిప్‌కు పంపే అంకె (కోడ్) ఒకటి పెరిగినప్పుడల్లా సరిగ్గా ఒక మిల్లీవోల్టు. ఆ తర్వాత 15 వోల్టుల సప్లై మీద ఎల్‌ఎం358 ఆప్‌ఆంప్, 15 కిలోఓమ్‌లు, 10 కిలోఓమ్‌ల రెసిస్టర్లు: రెండున్నర రెట్లు. కోడ్ 4000 అంటే 10 వోల్టులు. చిప్‌కు 5 వోల్టులే ఇవ్వాలి, 3.3 ఇస్తే పైభాగం కోసుకుపోతుంది. రిఫరెన్స్‌లో రెండు శాతం దాకా తేడా ఉండొచ్చు, ప్రతి బోర్డునూ మీటర్‌తో సరిచూసి ప్రోగ్రామ్‌లో దిద్దుకోవాలి. ఇక్కడి ఎండకు ప్యానెల్ పెట్టె లోపల ఎంత ఉడికినా దాని వల్ల వచ్చే తేడా మిల్లీవోల్టుల్లోనే, మోటారుకు అది తెలియను కూడా తెలియదు.

పైన మెచ్చుకున్న గుణానికి ఒక షరతు. వీఎఫ్‌డీ రన్ టెర్మినల్ (మోటారును తిప్పమని చెప్పే కనెక్షన్) క్లోజ్ అయ్యే ఉండి, ఈఈప్రామ్‌లో పాత స్పీడ్ ఉంటే, కరెంటు రాగానే పాలిష్ తల దానంతటదే తిరుగుతుంది. ఆ క్షణంలో కింద ఎవరైనా బురద కడుగుతూ ఉండొచ్చు. అందుకే మూడు తలలకూ సున్నానే దాచి ఉంచాం. పాత స్పీడ్ గుర్తుపెట్టుకునేది నీళ్ల పంపు చానెల్ ఒక్కటే.

మా పనికి నాలుగు చానెళ్లు సరిపోయాయి కాబట్టి ఇంత సంతోషం. అవే ఐ2సీ తీగల (బస్సు) మీద అదే అడ్రస్‌తో వచ్చిన రెండో చిప్ పెట్టాలంటే అడ్రస్ మార్చాలి, దానికి కమాండ్ మధ్యలో సరైన క్లాక్ అంచున ఎల్‌డాక్ (అవుట్‌పుట్లను మార్చమని చెప్పే) పిన్‌ను కిందికి లాగాలి. మామూలు ఐ2సీ లైబ్రరీతో ఆ పని కుదరదు. ఐదో మోటారు వచ్చే అవకాశం ఉన్న చోట మాత్రం మొదటినుంచే ఎనిమిది చానెళ్ల చిప్ చూసుకోవడం నయం.