'అన్‌లిమిటెడ్' హోస్టింగ్ కొనేముందు ఎర్రర్ లాగ్ ఇస్తారో లేదో అడగండి

అనంతపురంలో మా అక్క ధర్మవరం చీరలు అమ్ముతుంది. సైటు పని నాది. ఊళ్లోనే ఒకాయన దగ్గర ఏడాదికి డబ్బు కట్టి హోస్టింగ్, అంటే సైటు ఉంచడానికి సర్వర్‌లో చోటు, తీసుకున్నాం. కరపత్రంలో 'అన్‌లిమిటెడ్' అని ఉంది. ఆయన పేరు రాయను. అలాంటి ప్లాన్ కొనాలనుకునేవాళ్లు మాత్రం ఇది చదవండి.

వరలక్ష్మీ వ్రతానికి రెండు రోజుల ముందు అక్క కొత్త చీరల లింకు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టింది. పావుగంటలో ఫోన్లు మొదలు. "ఏమ్మా, చీరలు చూద్దామంటే కాసేపాగి రండి అంటాంది మీ సైటు." నా మానిటరింగ్ యాప్‌లో చూస్తే అంతా పచ్చగానే ఉంది. హోస్టింగ్ ఆయన్ని అడిగితే యాక్సెస్ లాగ్, అంటే ఎవరేం అడిగారో, సర్వర్ ఏం పంపిందో రాసుండే చిట్టా, పంపాడు. ప్రతి లైనులోనూ 200, అంటే 'అడిగింది సరిగ్గా పంపాను' అనే కోడ్. "సర్వర్ బాగుంది, మీ కస్టమర్ల నెట్ చూసుకోండి" అన్నాడు. నేనూ నమ్మేసి, ఇద్దరు ముగ్గురికి ఫోన్ ఆపి ఆన్ చేయమని చెప్పాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

రాత్రి ఆ లాగ్ మళ్లీ చూస్తుంటే దొరికింది. చీర ఫొటో కానీ, ధరల పేజీ కానీ, చాలా లైన్లలో బైట్ల లెక్క ఒకటే. ఇన్ని రకాల ఫొటోలు ఒకే సైజులో ఎలా ఉంటాయి? సర్వర్ తన దగ్గర వచ్చిన తేడాలు రాసుకునే ఎర్రర్ లాగ్ పంపమంటే నాన్చి నాన్చి వ్రతం అయిపోయాక పంపాడు. నిండా 'లిమిటింగ్ రిక్వెస్ట్స్' (పరిమితి దాటిన రిక్వెస్టులు ఆపుతున్నా) అన్న లైన్లే.

ఇంజిన్‌ఎక్స్ (nginx) అనే వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో ఐపీకి, అంటే నెట్‌లో ఒక్కో చిరునామాకి, సెకనుకు 5 రిక్వెస్టులని పరిమితి పెట్టి, బర్స్ట్ (ఒక్కసారిగా వచ్చే అదనపు రిక్వెస్టులకు వెసులుబాటు) ఇవ్వకుండా వదిలేశాడు. బర్స్ట్ లేకపోతే ఇంజిన్‌ఎక్స్ దాన్ని 200 మిల్లీసెకన్లకు ఒకటి అని లెక్కేస్తుంది. ఒకేసారి రెండొస్తే రెండోది బయటికే. మా పేజీలో ఇరవై ఫొటోలు, ఒక్కో ఫొటోకూ ఒక్కో రిక్వెస్టు! దానికి తోడు ముందు ప్రాక్సీ (మధ్యవర్తి సర్వర్) పెట్టి, చూసేవాళ్ల అసలు ఐపీని గుర్తించే రియల్ ఐపీ సెట్టింగ్ మరిచాడు. దాంతో ఎవరు ఏ ఊరి నుంచి చూసినా సర్వర్ కంటికి అందరూ ఒకే మనిషి.

ఇవి పొరపాట్లే అనుకుందాం. నాకు మండింది ఆ తర్వాతి సంగతికి. ఆపేసిన రిక్వెస్టుకు మామూలుగా 503, అంటే 'ఇప్పుడు సేవ అందుబాటులో లేదు' అనే కోడ్, వెళ్తుంది. దాన్ని 429గా మార్చుకోవచ్చు, 'మరీ ఎక్కువ రిక్వెస్టులు' అని చెప్పడానికే 2012లో వచ్చిన కోడ్ అది. ఈయన ఎర్రర్ పేజ్ లైనులో 503ని 200 చేసి, 'కాసేపాగి రండి' పేజీ తగిలించాడు. తెలిసే చేశాడో, ఎక్కడో చూసి అతికించాడో! లాగ్‌లోనూ 200, మానిటర్‌కూ 200. షట్టర్ దించి 'దుకాణం తెరిచే ఉంది' అని బోర్డు తగిలించినట్టు.

కొనేముందు పరిమితి ఎంతో, దాటితే ఏ కోడ్ పంపుతారో, ఎర్రర్ లాగ్ మన చేతికిస్తారో లేదో రాతపూర్వకంగా తీసుకోండి. మానిటర్ కూడా కోడ్ ఒక్కటే చూస్తే చాలదు, పేజీలో ఉండాల్సిన ఒక మాటను వెతికేలా పెట్టండి. మేం 'ధర్మవరం' అని పెట్టుకున్నాం.

డబ్బు వెనక్కి ఇమ్మంటే "పరిమితి మీ భద్రతకే కదప్పా" అంటున్నాడు. సైటు వేరే చోటికి మార్చేశాం. ఆయన ప్లాన్ ఇంకా అయిదు నెలలు మిగిలే ఉంది.