ఇంటి పనికి చైన్ సా: బ్యాటరీదా, పెట్రోల్‌దా?

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, పెరట్లో కొబ్బరి, పనస, వెనకాల కాస్త జీడితోట, కాబట్టి కొమ్మలు కోసే పని ఏడాది పొడుగునా ఏదోటి తగుల్తానే ఉంటది. ఇంట్లో ఇప్పుడు రెండు చైన్ సా (గొలుసు రంపం) మిషన్లున్నాయి, ఒకటి 6 అంగుళాల బార్ (చైన్ చుట్టూ తిరిగే పట్టీ) ఉన్న చిన్న బ్యాటరీది, రెండోది మా బావ వాడి మాకిచ్చేసిన 58 సీసీ పెట్రోల్‌ది. ఏది కొనాలి అని ఎవరైనా అడిగితే ముందు మీరు కోసే కొమ్మ లావెంతో చూస్కోండి అంటాను. మణికట్టు లావు, మహా అయితే ఇంకాస్త, అంతవరకే మీ పని అయితే బ్యాటరీది కళ్లు మూసుకుని కొనేయొచ్చు (కోసేటప్పుడు మాత్రం తెరవండి).

బటన్ నొక్కితే తిరుగుద్ది, వదిలితే ఆగుద్ది, నాకు అదే నచ్చింది. పొద్దున్నే జామకొమ్మ కోసినా పక్కింటి పిన్ని తలుపు తీసుకుని బయటికి రాదు. కానీ ఆన్‌లైన్‌లో 48 వోల్ట్, 88 వోల్ట్ అని స్టిక్కర్ వేసి అమ్ముతారు చూడండి, అది అస్సలు నమ్మొద్దు. నాకొచ్చిన దాని బ్యాటరీ విప్పి చూస్తే లోపల ఐదే సెల్స్, ఒక్కోటి ఫుల్ ఛార్జ్‌లో 4.2 వోల్ట్, ఐదూ కలిపితే 21, మరి ఆ 88 ఎక్కడ్నుంచి ఊడిపడిందో అమ్మినోడికే తెలియాలి. సెల్ సగటున 3.6 వోల్ట్, 2 ఆంపియర్ అవర్ అనుకున్నా మొత్తం 36 వాట్ అవర్, మోటారు అర కిలోవాట్ లాగిందంటే గట్టిగా నాలుగు నిమిషాలు, కొమ్మకీ కొమ్మకీ మధ్య ఆపుతాం కాబట్టి సరిపోతంది గానీ రెండు బ్యాటరీలిచ్చే సెట్ కాకపోతే తీసుకోవద్దు. మకిటా, స్టిల్ లాంటి కంపెనీల్లో నిజంగానే 36 వోల్ట్‌వి ఉన్నాయి, 12, 14 అంగుళాల బార్‌తో, వాటి లెక్క వేరు, రేటు లెక్క కూడా వేరే.

పెట్రోల్‌ది పట్టుకుంటే అసలు పనంటే ఏంటో తెలుస్తది, పడిపోయిన కొబ్బరి మొద్దుని చకచకా ముక్కలు చేసేస్తది, చిన్నదాన్ని దానిమీద పెడితే పీచు ఇరుక్కుని మూలుగుతూ ఆగిపోద్ది. కాకపోతే సేవ చెయ్యాలి. మాదానికి లీటర్ పెట్రోల్‌లో 40 ఎంఎల్ టూస్ట్రోక్ ఆయిల్ కలపాలి, కొన్నిటికి 20 చాలు, బుక్ చూడాలి. చైన్ ఆయిల్ విడిగా పొయ్యాలి, చోక్ లాగాలి, తాడు లాగాలి, చెవులకి ఏదో ఒకటి పెట్టుకోవాలి. ఇప్పుడొచ్చే ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్‌లో ఇథనాల్ తేమ లాక్కుంటది, నెలల తరబడి ట్యాంకులో వదిలేస్తే కార్బరేటర్ మొరాయిస్తది, అందుకే పని అవగానే ట్యాంక్ వంచేసి, మిగిలిన చుక్కలు అయిపోయి ఆగిపోయేదాకా తిప్పి పెట్టేయడమే.

పనస సంగతి మాత్రం రెండిటికీ ఒకటే. ఆ పాలు చైన్‌కి పట్టి రంపప్పొట్టుతో కలిసి నల్లగా జిగురుకట్టిపోద్ది, కిరసనాయిలు, పాత టూత్ బ్రష్ తీసుకుని కూర్చోవాల్సిందే. చిన్నదానికైతే చైన్ కూడా సన్నం కాబట్టి ఇంకా తొందరగా పట్టేస్తది.

ఊళ్లో మిషన్ పెట్టుకుని కోతకొచ్చే మనిషి ఉంటే ఏడాదికోసారి మొద్దు కోయడానికి పెట్రోల్‌ది కొనడం దండగ, పిలిపించి కూలిచ్చేస్తే సరి. కానీ మా వైపు వాళ్లకి ఈ మాట చెప్పలేను. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు కొబ్బరి, జీడి వరసలకి వరసలే పడిపోయాయి, దారులు మూసుకుపోయాయి, రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు బ్యాటరీది ఎక్కడ ఛార్జ్ పెడతాం? మిషన్ మనిషికేమో ఊరంతా పనే, మన ఇంటికి ఎప్పుడొస్తాడో తెలీదు. తుఫాన్లు తగిలే చోట ఉన్నోళ్లు పెట్రోల్‌ది ఒకటి ఉంచుకోండి, దానికి 58 సీసీనే అక్కర్లేదు, స్టిల్ ఎంఎస్ 180 లాంటిది 31.8 సీసీయే, ఇంటికి అది ఎక్కువే.

ఇంకోటి, చిన్నది కదా అని ఒంటిచేత్తో పట్టుకుని రెండో చేత్తో కొమ్మ పట్టుకుంటారు చాలామంది, అలా చెయ్యొద్దు. బార్ కొన పైభాగం దేనికైనా తగిలితే మిషన్ ఎగిరి మన మీదకే వస్తది, పెట్రోల్‌దానికి అలా ఎగిరినప్పుడు చైన్‌ని ఆపేసే చైన్ బ్రేక్ ఉంటది, ఈ చవక చిన్నవాటిలో చాలావాటికి ఉండదు. నిచ్చెనెక్కి కోయడం రెండిటితోనూ వద్దు. చైన్‌కి పదును పెట్టే ఆకురాయి కొనేటప్పుడు చైన్ సైజ్ చెప్పి గుండ్రటిది అడగండి, నా చిన్నదానికి 4 ఎంఎం, పెద్దదానికి 4.8.