జిన్నుల ప్రేమ నవలలు నాలుగు: ముందు ఏది పట్టుకోవాలి?

జిన్ను అంటే ఏమిటో మన దిక్కు ఎవరికీ విడమరిచి చెప్పనక్కర లేదు. నల్లగొండలో లతీఫ్ సాహెబ్ గుట్ట, కృష్ణ దిక్కు జాన్‌పహాడ్ ఉర్సు, కొత్తూరు కాడి జహంగీర్ పీర్ దర్గా ఎరిగిన ఇళ్లల్లో ఏ మతం వాళ్లయినా జిన్నుల ముచ్చట్లు వింటూనే పెరుగుతారు. అందుకే ఇంగ్లీషులో వచ్చే జిన్నుల ఫాంటసీ ప్రేమ నవలలు ఇక్కడి కాలేజీ పిల్లలకు తొందరగా ఎక్కుతాయి. చిక్కల్లా ఏది ముందు చదవాలన్న దగ్గరే. తప్పు పుస్తకంతో మొదలుపెట్టినవాళ్లు యాభై పేజీల్లో విసుగొచ్చి మొత్తం కోవనే వదిలేస్తారు.

పోల్చడానికి కొలత ఒకటి కావాలి. కవర్ మీద ఎడారి, నెలవంక అన్నిటికీ ఉంటాయి, వాటితో పని జరగదు. చూడాల్సింది ఒక్కటే: ఆ కథలో జిన్ను ఎవరి చేతిలో ఉంది? దీపంలో బందీ అయిన జిన్ను తన యజమాని ఏది కోరినా తీర్చాల్సిందే. అట్లాంటి జిన్ను ఆ యజమానినే ప్రేమిస్తే అది ప్రేమా, ఆజ్ఞా? ఈ ముడిని రచయిత్రి నిజాయితీగా విప్పితే నవల నిలబడుతుంది. చూడనట్టు దాటేస్తే ఎంత అందంగా రాసినా కూలిపోతుంది.

ఈ ముడికి మూలం రెండు వేర్వేరు సంప్రదాయాలు కలిసిపోవడంలో ఉంది. ఖురాన్ 55వ అధ్యాయంలో జిన్నులు పొగలేని మంట నుంచి పుట్టినవాళ్లు. 72వ అధ్యాయం పేరే అల్-జిన్. అక్కడ వాళ్లు మనుషుల్లాగే మంచినీ చెడునీ తమంతట తాము ఎంచుకోగలవాళ్లు. మన దర్గాల కాడ వినిపించే జిన్ను కూడా ఇట్లాంటిదే: తన ఇష్టం, తన కోపం, తన తావు ఉన్నది. దీపంలో జిన్ను దారి వేరు. అల్లావుద్దీన్ కథను సిరియాలోని అలెప్పో నుంచి వచ్చిన హన్నా దియాబ్ 1709లో పారిస్‌లో ఆంటోయిన్ గాలాండ్‌కు చెప్పాడు. గాలాండ్ దాన్ని తన అరేబియన్ నైట్స్ ఫ్రెంచి సంపుటాల్లో చేర్చాడు. ఆ కథలో ఉంగరానికో జిన్ను, దీపానికో జిన్ను. కోరికలకు మూడే అన్న లెక్క అందులో లేదు, అది తర్వాత వచ్చి చేరింది. కింది నాలుగు నవలల్లో ఒకటి దీపం దారిలోది, రెండు స్వేచ్ఛ ఉన్న జిన్నులవి, ఇంకొకటి ఈ రెంటికీ నడుమ నిలబడేది.

దీపం దారిలోది జెసికా ఖూరీ రాసిన ‘ది ఫర్బిడెన్ విష్’ (2016). ఇందులో జిన్ను ఆడమనిషి, పేరు జహ్రా. వేల ఏండ్ల వయసు. కూలిపోయిన నగరం కింద ఐదు వందల ఏండ్లు దీపంలో పడి ఉంటే అల్లాదీన్ అనే దొంగ కుర్రాడు వచ్చి తీస్తాడు. జిన్నుల రాజు ఆమెకొక బేరం పెడతాడు: మనుషులు బంధించిన తన కొడుకును విడిపిస్తే ఆమెకు స్వేచ్ఛ. మనిషిని ప్రేమించడం జిన్నుకు అన్నిటికన్నా పెద్ద నేరం. కథంతా జహ్రా గొంతులోనే నడుస్తుంది, అదీ తను పోగొట్టుకున్న పాత స్నేహితురాలు, రాణి రోషానాతో మాట్లాడుతున్నట్టు. ఈ ఎత్తుగడ చాలా గట్టిది. బందీ అయిన జిన్ను మనసులో ఏముందో మనకు నేరుగా తెలుస్తుంది కాబట్టి పైన అన్న ముడిని తప్పించుకునే వీలు రచయిత్రికి ఉండదు. తప్పించుకోదు కూడా. అల్లాదీన్ కోరే ప్రతి కోరికకూ ఒక వెల ఉంటుంది, ఆ వెల ఎవరి మీద పడుతుందో జహ్రాకు ముందే తెలుసు. రాజకుమారి కాస్పిడానూ, ఆమె వెంట ఉండే పోరాట సఖులనూ పోటీ ఆడదాని మూసలో పొయ్యకపోవడం ఇంకో మేలు.

దీని లోపం మగపాత్ర. అల్లాదీన్ చలాకీవాడే, కానీ లోతు జహ్రాకే ఎక్కువ దక్కింది. ఇంకొకటి, కథ అసలు రూపం అందరికీ తెలిసిందే కాబట్టి నడిమి భాగంలో రాజభవనం తంతు కొంత ఊహకు అందుతుంది. అయినా ఒక్క పుస్తకంతో అయిపోతుంది, ఎడిషన్‌ను బట్టి సుమారు 350 పేజీలు. రోజుకు ఇరవై చదివితే పద్దెనిమిది రోజుల పని.

ఆల్విన్ హామిల్టన్ ‘రెబెల్ ఆఫ్ ద సాండ్స్’ (2016) గురించి పొట్టిగా చెప్తే చాలు. మొదటి అధ్యాయంలోనే తుపాకీ పోటీ, మగవేషంలో అమ్మాయి, ఎడారి ఊరి నుంచి పారిపోవడం. నాలుగింటిలో వేగం దీనికే ఎక్కువ. కానీ ఒక విషయం ముందే తెలుసుకోవాలి: కథానాయకుడి పేరు జిన్, అతను మాత్రం జిన్ను కాదు, మనిషే. జిన్ను మనిషిని ప్రేమించే కథ కోసం ఇది కొన్నవాళ్లు మొదటి భాగంలో నిరాశ పడతారు. ఇక్కడి అసలు పస జిన్నులకు మనుషుల కడుపున పుట్టిన సంతానంలో ఉంది. వాళ్లు అబద్ధం ఆడలేరు, ఇనుము తగిలితే వాళ్ల శక్తి పోతుంది. అబద్ధం ఆడలేనివాళ్లు తిరుగుబాటులో గూఢచర్యం ఎట్లా చెయ్యాలి అన్న చిక్కును రచయిత్రి బాగా వాడుకుంది. జిన్నులు నేరుగా కథలోకి వచ్చేది ఎక్కువగా రెండో భాగం ‘ట్రెయిటర్ టు ద థ్రోన్’ (2017)లో. మూడోది ‘హీరో ఎట్ ద ఫాల్’ (2018). ఆగకుండా చదివించే గుణం కావాలనుకునే ఇంటర్ పిల్లలకు ఇది సరే, జిన్నుల కోసం వచ్చినవాళ్లకు కాదు.

నఫీజా ఆజాద్ ‘ద కాండిల్ అండ్ ద ఫ్లేమ్’ (2019) మన దగ్గరివాళ్లకు అన్నిటికన్నా చనువుగా తోచే పుస్తకం. పట్టుదారి (సిల్క్ రోడ్) మీద నూర్ అనే ఊరు. ఒకప్పుడు షయాతీన్ అనే దుష్ట జిన్నులు ఆ ఊరి జనాన్నంతా చంపేస్తే మిగిలింది ముగ్గురే, వాళ్లలో ఒకతె ఫాతిమా. ఇప్పుడు ఊరిని ఏలేది మహారాజు, షయాతీన్‌ల నుంచి కాపాడేది ఇఫ్రీత్‌లు అనే ఇంకో రకం జిన్నులు. ఇఫ్రీత్ అయిన జుల్ఫికార్‌కూ ఫాతిమాకూ నడుమ ప్రేమ. ఒక్క బజారులో పది భాషలు వినిపిస్తాయి. ఉర్దూ, హిందీ, పంజాబీ మాటలు, తిండి పేర్లు, బట్టల పేర్లు పేజీ పేజీకీ వస్తాయి. వేరే దేశం పాఠకులు చివరన ఉన్న పదకోశం తిప్పుకుంటూ అవస్థ పడే చోట పాలమూరు, నల్లగొండ పాఠకులు ఆగనే ఆగరు. ఇంట్లో మాట్లాడే తెలుగులోనే సగం మాటలు ఉన్నాయి మరి. అక్కచెల్లెళ్లు, అవ్వలు, పొరుగు ఆడవాళ్ల మధ్య అల్లుకున్న బంధాలు ఇందులో ప్రేమకథతో సమానంగా బలంగా ఉంటాయి, అదే దీని అందం. లోటు ఎక్కడంటే, మొదటి మూడో వంతు నెమ్మది. పాత్రలు గుంపుగా దిగుతాయి, కథ చెప్పే దృష్టి ఒకరి నుంచి ఒకరికి మారుతుంది. వంద పేజీల దాకా ఓపిక పట్టాలి.

ఒక జాగ్రత్త. ఇందులో ఇఫ్రీత్‌లు ఊరిని కాపాడేవాళ్లు. ఇప్పుడు చెప్పబోయే నాలుగో నవలలో ఇఫ్రీత్‌లే పరమ దుర్మార్గులు. వెంట వెంటనే చదివితే బుర్రలో కలగాపులగం అవుతుంది, నడుమ ఇంకేదైనా చదవడం మంచిది.

ఎస్. ఎ. చక్రబర్తి ‘ద సిటీ ఆఫ్ బ్రాస్’ (2017) నాలుగింటిలో పెద్దది, గొప్పది, కష్టమైనది. నిజానికి దీన్ని పెద్దల ఫాంటసీగానే ప్రచురించారు, ఊచకోతలూ చిత్రహింసలూ ఉన్నాయి. పదో తరగతి పిల్లల చేతికి ఇవ్వొద్దు, డిగ్రీ వయసుకు తగినది. 18వ శతాబ్దపు కైరోలో నహ్రీ అనే వైద్యపు మోసగత్తె, గాలి సోకిన ఒక పిల్లకు, ఆ గాలిని శాంతపరిచే జార్ అనే తంతు జరిపిస్తూ తెలియకుండానే దారా అనే జిన్ను యోధుణ్ని పిలుస్తుంది. డప్పులు, ఊదు పొగ, ఊగిపోయే ఆడవాళ్లు: దర్గా కాడ గురువారం సాయంత్రాలు చూసినవాళ్లకు ఈ మొదటి అధ్యాయం కండ్లకు కట్టినట్టు ఉంటుంది. అక్కడి నుంచి జిన్నుల రాజధాని దేవాబాద్‌కు ప్రయాణం. ఆరు తెగలు, అందులో అగ్నివంశీలు హిందూస్థాన్ దిక్కువాళ్లు. మనుషుల రక్తం కలిసిన షాఫిత్‌లను జిన్నులు తమ నగరంలోనే తక్కువ జాతిగా అణగదొక్కుతారు. వాడల లెక్కన విడగొట్టిన ఊళ్లను చూసిన పాఠకుడికి దేవాబాద్ పరాయి నగరం అనిపించదు.

బందీ జిన్ను ముడిని అందరికన్నా లోతుగా పట్టుకున్నది కూడా ఇదే. దారా ఒకప్పుడు బానిసగా బతికినవాడు. తన చేతులతో చేసిన ఘోరాలూ ఉన్నాయి. అతని మీద జాలి ఎంత, అతని నేరం ఎంత అన్నది రచయిత్రి మన మీదే వదిలేస్తుంది. ఇంకోవైపు రాజకుమారుడు అలీ, షాఫిత్‌ల బాధ చూసి సొంత తండ్రికే ఎదురు తిరగాలని చూసే పట్టింపు మనిషి. ప్రేమ చాలా నిదానంగా, మూడు భాగాల మీద పండుతుంది. మొదటి భాగంలోనే ముద్దూ ముచ్చటా కోరుకుంటే దొరకవు.

చాలామంది దీన్ని వదిలేసేది అలీ అధ్యాయాల దగ్గర, ఎందుకంటే రాజకీయం ఒక్కసారిగా వచ్చి పడుతుంది. దాటేసి నహ్రీ అధ్యాయాలే చదివితే ముగింపు అర్థం కాదు. దీనికి మందు ఇది: పుస్తకం చివరి పదకోశం ముందే చదివి, ఆరు తెగల పేర్లు, ఏ తెగ ఎవరి వైపో ఒక కాగితం మీద రాసి పుస్తకంలోనే పెట్టుకోవాలి. రెండు వందల పేజీలు దాటాక ఆ కాగితం అవసరం ఉండదు. సుమారు 530 పేజీలు, రోజుకు ఇరవై లెక్కన నెలకు కాస్త తక్కువ.

మా తీర్పు ఇది. తెలుగు మీడియంలో చదివి ఇంగ్లీషు నవల మొదటిసారి పడుతున్నవాళ్లు ‘ది ఫర్బిడెన్ విష్’తో మొదలుపెట్టాలి: ఒకటే గొంతు, తెలిసిన కథ, ఒక్క పుస్తకం. ఇంగ్లీషు ఇబ్బంది లేనివాళ్లు నేరుగా ‘ద కాండిల్ అండ్ ద ఫ్లేమ్’కు పోవచ్చు. నాలుగింటిలో ఒక్కటే చదివే తీరిక ఉందంటే మాత్రం కష్టమైనా ‘ద సిటీ ఆఫ్ బ్రాసే’.

కొనే ముందు ఈ-బుక్ ఉచిత నమూనా పేజీలు చదివి చూడండి. ఫోన్‌లో మాట మీద వేలు నొక్కి పట్టుకుంటే అర్థం వస్తుంది, మొదటి పుస్తకానికి అదే సులువు. అచ్చు ప్రతి కావాలంటే ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీదో, హైదరాబాద్ పుస్తక ప్రదర్శనలోనో వెతకొచ్చు. అయితే పాత పుస్తకాల్లో మూడు భాగాల కథలకు రెండోదో మూడోదో ఒంటరిగా దొరుకుతుంటుంది, అట్ట వెనక చూడకుండా తీసుకోవద్దు. దేవాబాద్ కథకు వరుస ఇది: ‘ద సిటీ ఆఫ్ బ్రాస్’, ‘ద కింగ్డమ్ ఆఫ్ కాపర్’ (2019), ‘ది ఎంపైర్ ఆఫ్ గోల్డ్’ (2020). 2022లో వచ్చిన ‘ద రివర్ ఆఫ్ సిల్వర్’ చిన్న కథల సంపుటి. పలచగా ఉంది కదా అని దాంతో మొదలుపెడితే మూడు భాగాల్లోని మలుపులన్నీ ముందే తెలిసిపోతాయి, దాన్ని ఆఖరుకే ఉంచుకోండి.