కోలార్‌లో కౌలా, హిందూపురంలో సొంత చేనా?

బెంగళూరులో జాబ్ చేస్తూ వ్యవసాయం మీద మనసు పడ్డ మన కుర్రాళ్లు చాలామంది ఈ రెండిటి మధ్యే ఊగుతుంటారు, మాది హిందూపురం పక్కన కాబట్టి ఆ లెక్కలోనే చెప్తా.

కోలార్‌లో మార్కెట్ సూపర్, టమాటా యార్డు చాలా పెద్దది, సిటీ కూడా దగ్గరే. నీళ్లే సమస్య, వెయ్యి అడుగులు దాటినా బోర్లో దుమ్మే వచ్చే చోట్లున్నాయి. 2018 నుంచి కేసీ వ్యాలీ స్కీమ్ కింద బెంగళూరు మురుగునీళ్లు శుద్ధి చేసి అక్కడి చెరువులు నింపుతున్నారు, ఆ చెరువుల పక్కన కాస్త నయం. అసలు తలనొప్పి వేరే ఉంది, కర్ణాటకలో వ్యవసాయ భూమి కౌలుకివ్వడానికి చట్టం దాదాపుగా ఒప్పుకోదు, అంతా నోటిమాట మీదే, మీరు డ్రిప్ వేసి పందిళ్లు కట్టాక ఓనర్ వచ్చి "ఖాళీ చెయ్ తమ్ముడూ" అంటే ఏం చేస్తారు? 2020లో రూల్ మార్చి రైతులు కానివాళ్లూ కొనొచ్చన్నారు గానీ ఆ రేట్లు మన జీతాలకి అందవులెండి.

హిందూపురంలోనూ నీళ్ల కష్టముంది, పెన్నా పేరుకే నది. కానీ పొలం పట్టాదారు పాస్‌బుక్ నాన్న పేరు మీదుంటది, లోన్‌కైనా డ్రిప్ సబ్సిడీకైనా అదే కావాలి. మల్బరీ వేసి పట్టుపురుగులు పెంచితే పట్టుగూళ్ల మార్కెట్ ఊళ్లోనే ఉంది, డౌటొస్తే పక్క చేనాయన్ని అడగొచ్చు. నాన్నతో గొడవ గ్యారంటీ, "ఒరేయ్, ఆ యూట్యూబ్ మూసి గెనిమ మీద గడ్డి కొయ్" అంటాడు.

నా ఓటు మాత్రం హిందూపురానికే, వీకెండ్‌కి రైలుంది, జాబ్ ఇప్పుడే వదలక్కర్లేదు.