బ్రేక్ తొక్కితే స్టీరింగ్ వణుకుడు: ఆటోనగర్ షెడ్డు మేస్త్రి గారు పట్టేశారు

విజయవాడ ఆటోనగర్‌లో రేకుల షెడ్డు, బోర్డు కూడా లేదు, ఉంటే ఆ పేరే పైన పెట్టేవాడిని. మా ఆఫీసు డ్రైవర్ చెబితే వెళ్లాను.

శ్రీశైలం నుంచి దోర్నాల ఘాట్ దిగి కారులో ఇంటికొస్తున్నాం. వినుకొండ దాటాక 80లో ఉండగా ముందు లారీ స్లో అయిందని బ్రేక్ తొక్కితే స్టీరింగ్ రెండు చేతుల్లో గజగజలాడింది. కాలు తీస్తే మామూలే. మర్నాడు ఒక సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే వీల్ బ్యాలెన్సింగ్ చేశారు, తగ్గలేదు. వారం తర్వాత బ్రేక్ ప్యాడ్లు మార్చారు, రెండ్రోజులు బాగానే ఉండి మళ్లీ మొదలైంది. మూడోసారి లోయర్ ఆర్మ్‌లు, బుష్‌లు (చక్రాన్ని బండికి పట్టి ఉంచే సస్పెన్షన్ భాగాలు) అన్నీ కలిపి 14 వేలకి ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. ఇంతా చేసి నా బండి ఒక్కరు కూడా రోడ్డు మీద నడిపి చూడలేదు!

ఇక్కడ మేస్త్రి గారు బానెట్ కూడా ఎత్తలేదు, ముందు ప్రశ్నలే. "తొక్కితేనే వస్తోందా బాబూ, వదిలేసినా వస్తోందా? చేతుల్లోనా, సీటు కిందా?" తొక్కకుండానే 80, 90 స్పీడులో వణికితే టైర్ల బ్యాలెన్సింగ్ చూడాలట, తొక్కినప్పుడే స్టీరింగ్ ఊగితే ముందు చక్రాల డిస్కులు (బ్రేక్ ప్యాడ్లు పట్టి ఆపే ఇనుప పళ్లేలు), సీటు కింద తెలిస్తే వెనక వైపు అనుమానించాలట. తర్వాత తనే నడిపారు. ఖాళీ రోడ్డు మీద 40లో వెళ్తూ హ్యాండ్ బ్రేక్ బటన్ నొక్కిపట్టి మెల్లగా లాగారు, బండి నున్నగా ఆగింది, హ్యాండ్ బ్రేక్ పట్టేది వెనక చక్రాల్నే కాబట్టి వెనక డ్రమ్ముల్లో (వెనక బ్రేకుల్లో) లోపమేమీ లేదని అక్కడే తేలిపోయింది. (ఇది చేయి తిరిగినవాళ్లు చేసే పని, ట్రాఫిక్‌లో మీరు ప్రయత్నించకండి.)

షెడ్డుకొచ్చి చక్రం విప్పి, డిస్కు కదలకుండా నట్లు మళ్లీ బిగించి దానికి డయల్ గేజ్ (వంకర ఎంతుందో ముల్లుతో చూపే మీటరు) ఆనించి చేత్తో తిప్పించారు. ఎడమ చక్రం డిస్కుకి ముల్లు 15 గీతలు ఊగింది, ఒక్కో గీత మిల్లీమీటరులో నూరో వంతు. డిస్కు తీస్తే దాని వెనకున్న హబ్ (డిస్కు, చక్రం బిగించే భాగం) మీద తుప్పు పొర! వైర్ బ్రష్‌తో గీకి మళ్లీ బిగించి చూస్తే 6కి దిగింది. తుప్పు ఒక పక్క ఎత్తుగా ఉంటే దాని మీద కూర్చున్న డిస్కు ఎప్పటికీ వంకరగానే తిరుగుతుంది కదా, ప్యాడ్లు ఎన్నిసార్లు మారిస్తే ఏం లాభం?

మిగతాది నా పుణ్యమే. ఘాట్ అంతా బ్రేక్ మీదే దిగాను, సెకండ్ గేర్‌లో దిగాల్సింది, కిందకొచ్చాక దోర్నాల చెక్‌పోస్ట్ దగ్గర పెడల్ తొక్కిపట్టి నిలబడ్డాను. కాలిపోతున్న డిస్కుకి ప్యాడ్ మెటీరియల్ ఒకచోట అంటుకుంటుందట, ఆ మచ్చ నాకు చూపించారు, ప్యాడ్ ఆకారంలోనే నీలంగా ఉంది. డిస్కు మందం కొలిస్తే 21.4 మిల్లీమీటర్లు వచ్చింది, అంచున అచ్చు వేసిన కనీస మందం 20. కొత్తవి అక్కర్లేదని పక్క లేత్ షాపులో రెండు డిస్కులకీ పైపైన చెక్కించారు. కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకి నొక్కే భాగం) పిన్ ఒకటి బిగుసుకుపోయి ఉంటే తీసి శుభ్రం చేసి గ్రీజు పెట్టారు. ఆఖర్న చక్రం నట్లు గాలి గన్‌తో కాకుండా టార్క్ రెంచ్‌తో (ఎంత బిగువో కొలిచి బిగించే రెంచ్), ఎదురెదురుగా బిగించారు. ఆటోనగర్ షెడ్డులో టార్క్ రెంచ్ చూస్తానని నేనైతే అనుకోలేదు.

లేత్ ఖర్చుతో కలిపి 2,200 అయింది. బిల్లు అడిగితే నవ్వి చిన్న చీటీ మీద రాసిచ్చారు, గ్యారంటీ కాగితం లాంటివి ఆశించకండి. కూర్చోడానికి పాత టైరు తప్ప ఏమీ లేదు, మధ్యలో ఆయన భోజనానికెళ్లి గంటన్నరకి వచ్చారు, ఫోన్ ఎత్తరు. ఉదయం 10 లోపు వెళ్తే సాయంత్రానికి బండి చేతికొస్తుంది, అంతకంటే ఆలస్యమైతే మర్నాడే.

వెళ్లేటప్పుడు ఇంకో పని చెప్పారు: 60 నుంచి 20కి మెల్లగా తగ్గిస్తూ, పూర్తిగా ఆపకుండా ఓ పదిసార్లు చేయమని, అప్పుడే ప్యాడ్లు డిస్కు మీద సమంగా కూర్చుంటాయట. గన్నవరం వైపు వెళ్లి చేసుకొచ్చాను. రెండు నెలలైంది, మూడు వేల కిలోమీటర్లు తిరిగాను, స్టీరింగ్ మళ్లీ వణకలేదు. పొద్దున్నే మొదటి బ్రేక్‌కి మాత్రం కీచుమంటోంది, ఈ వారం తీసుకెళ్లి చూపించాలి.