లిఫ్టు పనిచేస్తోందా? 3 ఏళ్లుగా స్టేషన్ల ఓపెన్ డేటా వాడాక నా అనుభవం

మా అమ్మ వీల్‌చైర్ వాడుతుంది. ఆమెతో రైల్లో వెళ్లాలంటే నేను ముందు చూసేది రైలు టైము కాదు, లిఫ్టు సంగతి. ఒక రైలు తప్పితే వెనకాల ఇంకోటి వస్తుంది. లిఫ్టు ఆగిపోతే మాత్రం ప్లాట్‌ఫారం మీద నుంచి బయటపడే దారే ఉండదు.

స్టేషన్లలో ఏ లిఫ్టు పనిచేస్తోంది, ఏ ఎస్కలేటర్ ఆగింది అన్న సమాచారాన్ని కొన్ని రైల్వేలు ఓపెన్ డేటాగా ఇస్తున్నాయి. ఎవరైనా ఉచితంగా తీసుకుని వాడుకోవచ్చు. నేను 3 ఏళ్లుగా రోజూ వాడుతున్నాను. వృత్తిరీత్యా ప్రోగ్రామర్‌ని కాను, కానీ ఒక చిన్న స్క్రిప్టు రాసుకున్నాను. అది 10 నిమిషాలకోసారి ఫీడ్ (రైల్వే ఎప్పటికప్పుడు ఇచ్చే తాజా డేటా) తెచ్చి, మేము తిరిగే స్టేషన్ల వరకు ఏరి, ఫోన్‌లో చూపిస్తుంది: పనిచేస్తుంటే ఆకుపచ్చ, ఆగితే ఎరుపు. పాత రీడింగులు కూడా దాచిపెడుతుంది.

ముందే చెప్పేస్తాను. ఈ డేటా చూడకుండా ఇప్పుడు అమ్మను బయటికి తీసుకెళ్లను. అలాగని అందులో ఉన్నదంతా గుడ్డిగా నమ్మినా ఇబ్బందే. అది మెషీన్ గురించి చెబుతుంది, మనకు కావాల్సింది దారి. ఈ రెండింటికీ మధ్య ఎంత దూరం ఉందో తెలుసుకోవడానికే నాకు మొదటి ఏడాది పట్టింది.

వాడటం మొదలుపెట్టిన కొత్తలో ఒక సాయంత్రం. మేము దిగాల్సిన స్టేషన్‌లో లిఫ్టు పనిచేస్తోందని బయలుదేరే ముందూ చూశాను, రైల్లోనూ చూశాను. దిగి దాని దగ్గరికి వెళ్తే తలుపులు సగం వరకు మూసుకుంటాయి, మళ్లీ తెరుచుకుంటాయి. మళ్లీ మూసుకుంటాయి, మళ్లీ అంతే. "ఏంట్రా ఇది, ఊపిరాడనట్టు కొట్టుకుంటోంది" అంది అమ్మ. వంగి చూస్తే తలుపు జారే గాడిలో శనగగింజంత గులకరాయి ఇరుక్కుని ఉంది. కాసేపటికి తలుపులు తెరుచుకునే ఉండిపోయాయి, బటన్ నొక్కినా చలనం లేదు. నా ఫోన్‌లో మాత్రం ఇంకా పచ్చగానే ఉంది. ఎరుపు రావడానికి ఇంకో పావుగంట పట్టింది. వెనక్కి వెళ్లి తర్వాతి రైలెక్కి, లిఫ్టు ఉన్న మరో స్టేషన్‌లో దిగి, అక్కడి నుంచి బస్సులో ఇల్లు చేరాం. దారంతా అమ్మ ఒక్క మాట మాట్లాడలేదు. ఆ రోజు పడ్డ టెన్షన్ నాకు ఇప్పటికీ గుర్తుంది.

తర్వాత అర్థమైంది, అక్కడ ఫీడ్ అబద్ధం చెప్పలేదు. చాలా చోట్ల ఈ సమాచారం లిఫ్టును నడిపించే కంట్రోలర్ అనే పరికరం నుంచి వస్తుంది. కరెంటు ఉందా, ఏదైనా ఫాల్ట్ నమోదైందా అన్నది అది పంపుతుంది. తలుపు మూయడానికి మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తున్నంతసేపు దాని లెక్కలో అది పనిచేస్తున్నట్టే. ప్రయత్నాలు అయిపోయి ఫాల్ట్ అని తేల్చుకున్నాకే కబురు పంపుతుంది. అలాగే లిఫ్టు బాగానే ఉండి దాని ముందు దారిలో మరమ్మతు కోసం బారికేడ్ పెట్టినా, బయటి బటన్ విరిగినా, లోపల ఎవరో వాంతి చేసుకున్నా కంట్రోలర్‌కు తెలియదు. పచ్చ రంగు అంటే 'మెషీన్ తనకు జబ్బు లేదంటోంది' అని అర్థం, అంతవరకే.

అందరూ ఒకే రకంగా డేటా ఇవ్వరు. ఇది మొదట్లోనే తెలిసి ఉంటే నాకు చాలా సమయం మిగిలేది. జర్మనీ రైల్వే డాయిచె బాన్ ఇచ్చే ఫాస్టా అనే సర్వీసులో ప్రతి లిఫ్టు, ప్రతి ఎస్కలేటర్ పేరుపేరునా ఉంటాయి. ఒక్కోదానికి ఒక నంబరు, అది ఏ స్టేషన్‌దో, ఎక్కడుందో, ఇప్పుడెలా ఉందో ఉంటుంది. స్థితి మూడు రకాలు: యాక్టివ్ (పనిచేస్తోంది), ఇనాక్టివ్ (ఆగింది), అన్‌నోన్ (తెలియదు). న్యూయార్క్ సబ్‌వే నడిపే ఎంటీఏ పద్ధతి వేరు. వాళ్ల ముఖ్యమైన ఫీడ్‌లో చెడిపోయినవి మాత్రమే ఉంటాయి. ఎప్పుడు ఆగింది, ఎందుకు ఆగింది, ఎప్పటికి తిరిగి పనిచేస్తుందని అంచనా, అన్నీ ఇస్తారు. మొత్తం మెషీన్ల జాబితా వేరే ఫైల్‌లో ఉంటుంది. వాషింగ్టన్ మెట్రో కూడా ఇలా ఆగిపోయినవాటినే ఇస్తుంది.

రెండో పద్ధతిలో ఎప్పటికి బాగవుతుందో తెలియడం గొప్ప సౌకర్యం. రేపు ఉదయానికి వస్తుందా, 3 నెలలు పడుతుందా అన్నది ఇంట్లో వాళ్లకు చాలా పెద్ద తేడా. కానీ అందులో ఒక ప్రమాదం ఉంది. జాబితాలో లేదంటే పనిచేస్తోందని అనుకోవాలి. ఏదో పొరపాటు వల్ల ఫీడ్ ఖాళీగా వచ్చిందనుకోండి, ఊళ్లో లిఫ్టులన్నీ బాగున్నట్టు కనిపిస్తుంది. అందుకే ఫీడ్ ఖాళీగా వచ్చినా, దాని సమయం అరగంట కంటే పాతదైనా నా స్క్రిప్టు ఆ రీడింగును పచ్చగా చూపించదు, తెలియదు అని చూపిస్తుంది.

'తెలియదు' అన్న ఆ మాటకు నేనిచ్చే విలువ చాలా ఎక్కువ. మెషీన్‌కూ కంట్రోల్ రూముకూ మధ్య కనెక్షన్ తెగితే ఇలా వస్తుంది. లిఫ్టు బాగానే ఉండొచ్చు, ఆగి ఉండొచ్చు కూడా. చాలా యాప్‌లు దీన్ని లేతబూడిద రంగులో ఒక మూలన చూపిస్తాయి, కొన్ని అసలు చూపించవు. లగేజీతో వెళ్లేవాళ్లకు అది సరిపోతుంది. వీల్‌చైర్‌తో వెళ్లేవాళ్లకు తెలియదు అంటే లేదు అన్నట్టే. నేను దాన్ని ఎరుపుతో సమానంగానే పెట్టుకున్నాను. దానివల్ల కొన్నిసార్లు అనవసరంగా చుట్టూ తిరిగి వెళ్లాం, నిజమే. ప్లాట్‌ఫారం మీద ఇరుక్కోవడం కంటే అది నయం.

ఇక అసలు కష్టం ఎక్కడంటే, ఈ లిఫ్టు ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తుంది అన్నది. ఫీడ్‌లో ఒక నంబరు, దాని పక్కన ఒక చిన్న వాక్యం ఉంటాయి. ఆ వాక్యం ఒక్కోచోట ఒక్కోలా. ఒకచోట 'ప్లాట్‌ఫారం 3, 4కి', ఇంకోచోట 'తూర్పు ద్వారం', మరోచోట ఏమీ ఉండదు. మ్యాపులో పెట్టుకుందామంటే, పక్కపక్కనే ఉన్న రెండు లిఫ్టులు ఒకే చుక్క మీద కూర్చుంటాయి. అక్షాంశ రేఖాంశాల వరస కూడా చూసుకోవాలి. ఫాస్టాలో ఎక్స్ అంటే రేఖాంశం, వై అంటే అక్షాంశం. మ్యాపు లైబ్రరీలు కొన్ని అక్షాంశం ముందు అడుగుతాయి. వరస తారుమారైతే బెర్లిన్ లిఫ్టులు అరేబియా సముద్రంలో కనిపిస్తాయి.

చివరికి నేను చేసింది కాళ్లతో చేసే పని. మేము వెళ్లే ప్రతి స్టేషన్‌కూ ఒకసారి ఒక్కణ్ణే వెళ్లాను. మా రైల్వేలో లిఫ్టు తలుపు పక్కన, బటన్‌కు కాస్త పైన, అగ్గిపెట్టెంత రేకు బిళ్ల ఉంటుంది. దాని మీద మెషీన్ నంబరు చెక్కి ఉంటుంది. ఫీడ్‌లో ఉండేది అదే నంబరు. ప్రతి బిళ్లనూ ఫోటో తీసి, ఆ లిఫ్టు ఏ అంతస్తు నుంచి ఏ అంతస్తుకు వెళ్తుందో, ఏ వైపు తెరుచుకుంటుందో, లోపల అమ్మ కుర్చీ తిరుగుతుందో లేదో రాసుకున్నాను. ఒక ఎత్తైన స్టేషన్‌లో 2 గంటలు పట్టింది. ఆ పట్టికే ఇప్పుడు నా దగ్గరున్న అన్నిటికంటే విలువైన డేటా. ఒక హెచ్చరిక: లిఫ్టు మొత్తాన్ని తీసేసి కొత్తది పెడితే నంబరు మారిపోతుంది. పాత నంబరు ఫీడ్‌లోంచి మాయమవుతుంది, మన పట్టికలో మిగిలిపోతుంది. నెలకోసారి సరిచూసుకోవాలి.

ఈ పని ప్రతి ఒక్కరూ విడివిడిగా చేయాల్సిన అవసరం లేదు. రవాణా సంస్థలు టైమ్‌టేబుల్ ఇచ్చే జీటీఎఫ్ఎస్ ఫార్మాట్‌లో పాత్‌వేస్ అనే ఫైల్ ఉంది. స్టేషన్ లోపల ద్వారం నుంచి ప్లాట్‌ఫారం వరకు ఒక్కో ముక్క దారిని అందులో రాయొచ్చు. మెట్లకు 2, ఎస్కలేటర్‌కు 4, లిఫ్టుకు 5 అని కోడ్‌లు కూడా ఉన్నాయి. ఎవరైనా మార్పులు చేయగలిగే ఉచిత మ్యాపు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో కూడా లిఫ్టుకు విడిగా ట్యాగ్ ఉంది. ఎస్కలేటర్‌ను మెట్లుగా గుర్తించి, అది ఏ దిశలో కదులుతుందో పక్కన రాస్తారు. పాత్‌వేస్‌లోని లిఫ్టుకు, స్థితి చెప్పే ఫీడ్‌లోని లిఫ్టుకు ఒకే నంబరు వాడితే చాలు, నేను కాళ్లరిగేలా తిరిగి చేసిన పని కంప్యూటర్ చేసేస్తుంది. నా దగ్గర నంబర్లు కలవలేదు. నేను ఫోటోలు తీసిన లిఫ్టులన్నిటినీ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో వాటి నంబర్లతో సహా పెట్టాను. మీరూ తిరిగేవాళ్లైతే దయచేసి పెట్టండి. ఒకరు చేస్తే వందమందికి పనికొస్తుంది.

లభ్యత శాతాల గురించి కూడా చెప్పాలి. లిఫ్టులు 98% సమయం పనిచేస్తున్నాయంటే వినడానికి చాలా బాగుంటుంది. 30 రోజుల నెలలో 2% అంటే 14 గంటల పైమాటే. అవి అర్ధరాత్రి పోయాయా, ఆఫీసు వేళలో పోయాయా అన్నది శాతం చెప్పదు. పైగా మేము ఒక్క లిఫ్టుతో వెళ్లం. మా ఇంటి స్టేషన్‌లో ఒకటి, రైలు మారేచోట రెండు, ఆసుపత్రి దగ్గర ఒకటి, మొత్తం 4. నాలుగూ ఒకేసారి పనిచేయాలి. ఒక్కోటి 98% అయితే నాలుగూ కలిపి 92% దగ్గరికి వస్తుంది. అంటే సుమారు 13 ప్రయాణాల్లో ఒకటి ఎక్కడో ఆగిపోతుంది. ఒక్కోటి 95% అయితే 5 ప్రయాణాల్లో దాదాపు ఒకటి. డాక్టరు అపాయింట్‌మెంట్‌లు 5లో ఒకటి తప్పిపోతే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఈ విషయంలో న్యూయార్క్ వాళ్లు చేసింది నాకు నచ్చింది. ఒక్కో లిఫ్టు, ఎస్కలేటర్ లభ్యతను నెలలవారీగా, 2015 నాటి లెక్కల నుంచి బయటపెట్టారు. ఉదయం రద్దీ వేళ ఎంత, సాయంత్రం రద్దీ వేళ ఎంత అని విడిగా ఇస్తారు. ముందే అనుకుని ఆపినవి ఎన్ని, అనుకోకుండా ఆగినవి ఎన్ని, మనుషులు లోపల ఇరుక్కుపోయింది ఎన్నిసార్లు అన్నది కూడా ఉంటుంది. ఒక లిఫ్టు ఆగితే పక్కన అదే దారికి ఇంకోటి ఉందా అన్నది మెషీన్ల జాబితాలో రాస్తారు. అదే నగరంలో, ఇప్పుడు వీల్‌చైర్ వెళ్లలేని స్టేషన్లలో 95% స్టేషన్లకు 2055 నాటికి ఆ వసతి కల్పించాలని 2022లో ఒప్పందం కుదిరింది. కొత్త లిఫ్టులకు అంతకాలం పడుతుందంటే, ఉన్న లిఫ్టుల సంగతి సరిగ్గా తెలియడం ఎంత అవసరమో చూడండి.

ఎస్కలేటర్ల డేటా మాకు నేరుగా పనికిరాదు, మా నాన్న మోకాళ్లకు పనికొస్తుంది. అయితే అది లిఫ్టు డేటా కంటే బలహీనం. పనిచేస్తోందని ఉంటుంది, పైకా కిందికా అన్నది చాలాచోట్ల ఉండదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు దిగడమే ఎక్కువ కష్టం కాబట్టి అదే ముఖ్యమైన సంగతి. ఎవరైనా ఎర్ర బటన్ నొక్కితే సిబ్బంది వచ్చి తాళంచెవితో తిప్పేదాకా ఎస్కలేటర్ కదలదు. ఇలాంటి చిన్న ఆగుడులు నా దాచిన రీడింగుల్లో చాలా ఉన్నాయి. ఆగిన ఎస్కలేటర్‌ను మెట్లలాగా వాడుకోవచ్చని అనుకుంటారు కానీ దాని మెట్లు మామూలు మెట్ల కంటే ఎత్తు, మొదట్లోనూ చివర్లోనూ ఎత్తు సమానంగా ఉండదు. నాన్న ఒకసారి ప్రయత్నించి సగంలో రెయిలింగ్ పట్టుకుని నిలబడిపోయాడు.

ఫీడ్ ఇచ్చేవాళ్లను నేను అడిగేది ఒక్కటే. ప్రతి మెషీన్ పక్కన, దాని కబురు చివరిసారి ఎప్పుడు అందిందో ఆ సమయం ఇవ్వండి. ఫీడ్ తయారైన సమయం కాదు, ఆ లిఫ్టు నుంచి సిగ్నల్ వచ్చిన సమయం. 2 నిమిషాల కిందటి పచ్చ వేరు, నిన్నటి పచ్చ వేరు. ఈ ఒక్క గడి ఉంటే నేను పెట్టుకున్న జాగ్రత్తల్లో సగం తీసేయొచ్చు. రెండుసార్లు రాశాను, అందిందని జవాబు వచ్చింది, గడి ఇంకా రాలేదు.

ఇప్పుడు మా పద్ధతి ఇది. ముందురోజు రాత్రి 4 లిఫ్టులూ చూస్తాను. వారం రోజుల్లో ఏదైనా రెండుసార్లు కంటే ఎక్కువ ఆగి ఉంటే, ఇప్పుడు పచ్చగా ఉన్నా ఆ దారి వదిలేసి ఇంకో దారి పెట్టుకుంటాను. బయలుదేరే ముందు ఒకసారి, రైలు మారడానికి ఒక స్టేషన్ ముందు ఒకసారి చూస్తాను. ఒక స్టేషన్ ముందే తెలిస్తే దిగాలా వద్దా అన్నది మన చేతిలో ఉంటుంది. అమ్మకు ఈ నంబర్లు ఇప్పుడు నోటికి వచ్చేశాయి. పొద్దున చెప్పులు వేసుకుంటూ "ఆసుపత్రి దగ్గరిది ఏమంటోందిరా?" అని అడుగుతుంది. నేను ఫోన్ తిప్పి చూపిస్తాను.