హైవే మీద బాగా పరుగెత్తిందని పాత టూరింగ్ బండిని రోజువారీ తిరుగుడుకు కొనకండి: అనంతపురం నుంచి ఒక హెచ్చరిక

అనంతపురం, కడప, కర్నూలు ప్రాంతాల నుంచి బెంగళూరుకో హైదరాబాదుకో వెళ్లి పాత టూరింగ్ బండి (దూర ప్రయాణాలకు తగిన మోటార్‌సైకిల్) తెచ్చుకోవాలని అనుకుంటున్నవారి కోసం ఇది రాస్తున్నాను. నేను గత మార్చిలో బెంగళూరులోని ఒక సెకండ్ హ్యాండ్ బండ్ల దుకాణంలో 2014 మోడల్ లిక్విడ్ కూల్డ్ (ఇంజన్‌ను కూలెంట్ అనే ద్రవంతో చల్లబరిచే) టూరింగ్ బండిని 92,000 రూపాయలకు కొన్నాను. రోజూ ఇంటి నుంచి ఆఫీసుకు, సాయంత్రం బజారుకు, నెలకొకసారి ఊరికి వెళ్లి రావడానికి ఒకే బండి సరిపోతుందన్నది నా లెక్క. ఆ లెక్క ఎక్కడ తప్పిందో వివరంగా చెబితే, మరొకరికైనా ఆ నష్టం తప్పుతుందని ఆశ.

నేను వెళ్లేసరికి ఉదయం పదకొండు దాటింది. బండి అప్పటికే వేడిగా ఉంది. 'ఇప్పుడే ఒక రౌండు వేసి వచ్చాం సార్' అని దుకాణంవాళ్లు చెబితే నమ్మాను. సెల్ఫ్ నొక్కగానే స్టార్టయింది, పొగ లేదు, శబ్దం లేదు, కూలెంట్ డబ్బాలో కొత్త కూలెంట్ పచ్చగా మెరుస్తూ ఉంది. చిక్కబళ్లాపురం, బాగేపల్లి, పెనుకొండ మీదుగా 44వ నంబరు జాతీయ రహదారిపై దాదాపు 210 కిలోమీటర్లు నడుపుకుంటూ ఇల్లు చేరాను. దారిపొడవునా ఒక్క ఇబ్బంది కూడా రాలేదు కాబట్టి మంచి బండే దొరికిందని ఇంట్లో అందరికీ చెప్పాను.

అసలు సంగతి ఏప్రిల్‌లో బయటపడింది. మన ఊరి ఎండ సంగతి మీకు తెలియనిది కాదు. నలభై డిగ్రీలు దాటిన మధ్యాహ్నం సప్తగిరి సర్కిల్ నుంచి టవర్ క్లాక్ వైపు మెల్లగా కదులుతుండగా మీటరులో ఉష్ణోగ్రత గీతలు ఒక్కొక్కటిగా పైకి ఎక్కి, ఎర్ర దీపం వెలిగింది. లిక్విడ్ కూల్డ్ ఇంజన్‌కు హైవే మీద ఎదురుగాలే రేడియేటర్‌ను (కూలెంట్ వేడిని బయటికి వదిలే జాలీని) చల్లబరుస్తుంది, అక్కడ ఫ్యాన్ పనిచేయకపోయినా నడిపేవారికి తెలియదు. ఊళ్లో ట్రాఫిక్‌లో నిలిచి నిలిచి వెళ్లేటప్పుడు మాత్రం ఆ పనంతా ఫ్యాన్ మీదే పడుతుంది. నా బండి ఫ్యాన్ తిరగడమే లేదు. అంటే హైవే మీద నేను చేసిన 210 కిలోమీటర్ల పరీక్ష, రోజూ నేను నడపబోయే ఏడెనిమిది కిలోమీటర్ల దారి గురించి నాకు ఏమీ చెప్పలేదన్నమాట.

ట్యాంకు విప్పి చూసిన మెకానిక్ వైర్ల కట్టను చేతిలో పట్టుకుని, 'సార్, ఈ బండికి ఎన్ని లైట్లు బిగించినారో చూసినారా' అని అడిగాడు. దూర ప్రయాణాలు చేసేవారు ఫాగ్ లైట్లు, ఫోన్ చార్జర్, పెద్ద హారన్ బిగించుకోవడం మామూలే. వాటికి విడిగా ఫ్యూజు, రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) పెట్టి నేరుగా బ్యాటరీ నుంచి వైరు లాగితే ఇబ్బంది లేదు. పాత యజమాని అలా చేయకుండా ఫ్యాన్‌కు వెళ్లే వైరును మధ్యలో కోసి అక్కడి నుంచి కరెంటు తీసుకున్నాడు. దుకాణంవాళ్లు అమ్మకానికి ముందు లైట్లు పీకేసి, ఆ అతుకులకు నల్ల టేపు చుట్టి వదిలేశారు. ఆ అతుకు కాలి ఊడిపోయి ఉంది. టూరింగ్ బండిని చూసేటప్పుడు బిగించి ఉన్న సామాన్లకంటే, పీకేసిన సామాన్ల గుర్తులను ముందుగా వెతకండి. హ్యాండిల్ కింద, హెడ్‌లైట్ వెనుక, సీటు కింద టేపు చుట్టిన అతుకులు రెండుకు మించి కనిపిస్తే బేరం మొదలుపెట్టకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

అంతటితో అయిపోలేదు. ఆయిల్ మూత తీస్తే లోపల మజ్జిగ నురగలాంటి పూత కనిపించింది, అంటే కూలెంట్ ఆయిల్‌లో కలుస్తోంది. హెడ్డు (ఇంజన్ పైభాగం) విప్పితే బోల్టుల మీద పాత స్పానర్ గుర్తులు, గ్యాస్కెట్ (హెడ్డు కింద లీకు కాకుండా పెట్టే పలుచటి పొర) అంచున పూసిన సీలెంట్ బయటపడ్డాయి. ఈ ఇంజన్ ఇంతకుముందే ఒకసారి బాగా వేడెక్కిందని, ఎవరో తూతూమంత్రంగా బిగించి పంపారని మెకానిక్ తేల్చాడు. నేను చూడటానికి వెళ్లిన రోజు ఇంజన్‌ను ముందే ఎందుకు వేడి చేసి ఉంచారో నాకు అప్పుడు అర్థమైంది. గ్యాస్కెట్ దెబ్బతిన్న ఇంజన్‌లో రాత్రంతా కూలెంట్ కొద్దికొద్దిగా సిలిండర్‌లోకి దిగుతుంది; ఉదయం మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు తియ్యటి వాసనతో తెల్లటి పొగ చాలాసేపు ఆగకుండా వస్తుంది. వేడెక్కిన ఇంజన్ దగ్గర ఆ జాడ దొరకదు. కాబట్టి చూడటానికి వస్తున్నామని ముందురోజే ఫోన్ చేసి, బండిని స్టార్ట్ చేయకుండా ఉంచమని స్పష్టంగా అడగండి. చేరగానే చేయి దగ్గరగా పెట్టి ఇంజన్ వేడి చూడండి, వేడి తగిలితే ఆ రోజు కొనకుండా తిరిగి రండి. రేడియేటర్ మూతను మాత్రం వేడి ఇంజన్ మీద ఎట్టి పరిస్థితిలోనూ తెరవకండి, మరిగే నీళ్లు మొహం మీదికి చిమ్ముతాయి.

హెడ్డును లేత్ షాపులో చదును చేయించి, గ్యాస్కెట్, ఫ్యాన్, వైరింగ్ మార్పించేసరికి 24,000 రూపాయలు అయ్యాయి. అంతకంటే బాధ కలిగించింది 23 రోజుల నిరీక్షణ. పల్సర్, స్ప్లెండర్ సామాన్లు మనకు ఏ వీధిలోనైనా దొరుకుతాయి. ఉత్పత్తి ఆగిపోయిన పెద్ద బండి గ్యాస్కెట్ కోసం మెకానిక్ బెంగళూరుకు రెండుసార్లు కబురు పంపవలసి వచ్చింది. ఆదివారం షికార్లకు మాత్రమే వాడే బండి షెడ్డులో మూడు వారాలు ఉన్నా గడిచిపోతుంది. పొద్దున తొమ్మిదికి పనిలో ఉండవలసిన మనిషికి ఆ మూడు వారాలూ ఆటో ఖర్చు, తోటివారి బండి వెనుక సీటు తప్పవు.

టైర్ల విషయంలోనూ మోసపోయాను. గాడులు లోతుగా కనిపించడంతో కొత్తవే అనుకున్నాను. టైరు పక్కగోడ మీద డాట్ (DOT) అనే అక్షరాల తర్వాత వచ్చే వరుస చివర నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి రెండు వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని తెలుపుతాయి. నా వెనుక టైరు మీద 2316 అని ఉంది, అంటే 2016లో 23వ వారంలో తయారైనది. రబ్బరు గట్టిపడి, మొదటి వానకే తడిసిన రోడ్డు మీద బండి పక్కకు జారింది. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) తప్పనిసరి అయింది గానీ, అంతకు ముందటి బండ్లలో చాలావాటికి అది లేదు, నా బండికీ లేదు. 180 కిలోలు దాటిన బండిని గేదెలు, ఆటోలు అడ్డం వచ్చే వీధుల్లో రోజూ ఆపవలసినవారు ఈ ఒక్క విషయాన్ని ధరకంటే ముందు ఆలోచించాలి.

బరువైన పెట్టెలు మోసిన బండ్లకు సీటు కింది వెనుక ఫ్రేమ్ దగ్గర పగుళ్లు, వెల్డింగ్ అతుకులు ఉండవచ్చు. టార్చి వేసి చూడండి. సెంటర్ స్టాండ్ వేసి ముందు చక్రం గాలిలో ఉండగా హ్యాండిల్‌ను మెల్లగా తిప్పినప్పుడు మధ్యలో గుంటలో పడినట్లు ఆగితే కోన్‌సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగులు) అరిగినట్లే.

ఇక కాగితాలు. బండి కర్ణాటక నంబరుది. ఎన్ఓసీ (బండిని వేరే రాష్ట్రానికి మార్చుకోవడానికి అక్కడి రవాణా శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రం) పదిహేను రోజుల్లో పంపిస్తామన్న దుకాణంవాళ్లు నాలుగు నెలలు తిప్పారు. కారణం విచారిస్తే, మొదటి యజమాని అప్పు ఎప్పుడో తీర్చినా ఆర్సీలో ఫైనాన్స్ పేరు తొలగించలేదు. ఫైనాన్స్ సంస్థ సంతకంతో ఫారం 35 ఇస్తే తప్ప ఆ పేరు పోదు. ప్రభుత్వపు ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి ఫైనాన్స్, బీమా, చలానాల వివరాలు చూసుకోవడానికి ఐదు నిమిషాలు చాలు. ఆ ఐదు నిమిషాలు నేను వెచ్చించలేదు. వేరే రాష్ట్రపు బండిని మన రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచుకుంటే ఇక్కడి నంబరు తీసుకోవలసిందే, ఇక్కడి జీవితకాల పన్ను కట్టవలసిందే. కర్ణాటకలో కట్టిన పన్నులో మిగిలిన కాలానికి వాపసు కోరవచ్చు గానీ, దానికి మళ్లీ తిరగాలి. ఫారం 28 (ఎన్ఓసీ కోసం), 29, 30 (యజమాని పేరు మార్చడానికి) మీద విక్రేత సంతకాలు, ఎన్ఓసీ చేతికి వచ్చేవరకు ధరలో కనీసం పదిహేను వేలైనా ఆపి ఉంచండి. పూర్తి డబ్బు ఇచ్చేశాక నా ఫోన్ ఎత్తే మనిషే కరువయ్యాడు. బీమాను 14 రోజుల్లో మీ పేరు మీదికి మార్చమని కంపెనీకి దరఖాస్తు పెట్టండి. పాత యజమాని నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో దక్కే తగ్గింపు) మీకు రాదు.

రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకే చెల్లుతుంది, తర్వాత ఐదేళ్లకొకసారి ఫిట్‌నెస్ చూపించి పొడిగించుకోవాలి. 2011, 2012 మోడళ్లు చవకగా దొరుకుతున్నాయంటే ఇది కూడా ఒక కారణం.

నా బండి ఇప్పుడు సరిగ్గానే నడుస్తోంది. టైర్లు, చైన్ సెట్, కోన్‌సెట్ కూడా కలిపి మరమ్మతుల ఖర్చు 41,000 దాటింది. ఏ రోజు ఏ సామాను మార్చారో, మీటరులో ఎన్ని కిలోమీటర్లు ఉన్నాయో బిల్లులతో సహా ఒక నోటు పుస్తకంలో రాసిపెడుతున్నాను. ఎప్పుడైనా ఈ బండిని అమ్మవలసి వస్తే, హెడ్డు విప్పిన సంగతి మొదటి పేజీలో ఉన్న ఆ పుస్తకాన్ని తాళంచెవులతో పాటు కొనేవారి చేతిలో పెడతాను.